మణికట్టు తిరిగితే బంతికి తెలియాలి

టీవీ ముందు నిలబడి ఆడే గోల్ఫ్ ఆటలు చాలానే వచ్చాయి. వాటిలో చేతి కదలికను తెర మీదికి అన్నిటికంటే నిజాయితీగా తెచ్చింది ఏదని అడిగితే నేను ‘టైగర్ ఉడ్స్ పీజీఏ టూర్ 10’ పేరే చెబుతాను. నింటెండో వారి గేమింగ్ కన్సోల్ ‘వీ’ కోసం ఈఏ స్పోర్ట్స్ దాన్ని 2009 జూన్‌లో విడుదల చేసింది.

దాని పనితనం తెలియాలంటే అంతకు ముందు ఏది కొరవడిందో చూడాలి. 2006 నాటి ‘వీ స్పోర్ట్స్’లోనూ గోల్ఫ్ ఉంది. అందులోని తొమ్మిది హోల్స్ నింటెండో పాత ‘గోల్ఫ్’ ఆట నుంచి తీసుకున్నవి. 1984లో వచ్చిన ఆ ఆటకు ప్రోగ్రామ్ రాసిన సతోరు ఇవాటాయే తర్వాత కంపెనీ అధ్యక్షుడై వీని తెచ్చారు. ‘వీ స్పోర్ట్స్’లో చేతిలో పట్టుకునే వీ రిమోట్‌ను ఎంత గట్టిగా ఊపితే బంతి అంత దూరం పోయేది, మరీ గట్టిగా ఊపితే దారి తప్పేది. అంతవరకూ బాగానే ఉంది. బంతిని తాకే క్లబ్ ముఖం ఎటు తిరిగి ఉందో మాత్రం ఆటకు సరిగా అందేది కాదు. గోల్ఫ్‌లో అసలు కీలకం అక్కడే. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా నిర్ణయించేది ఆ ముఖమే. క్లబ్ సాగే దారికీ ముఖానికీ పొత్తు కుదరకపోతే బంతి గాలిలోనే వంపు తిరుగుతుంది.

రిమోట్‌లో ఉన్న యాక్సిలరోమీటర్ కుదుపునూ, భూమి లాగే దిశనూ పసిగడుతుంది. పక్కకు వంచితే దానికి తెలుస్తుంది. అయితే గోల్ఫ్ క్లబ్‌లా రిమోట్‌ను నేలకేసి పట్టుకుని మణికట్టు తిప్పి చూడండి. ఆ తిరుగుడు దాదాపు నిట్టనిలువు ఇరుసు మీద జరుగుతుంది కనుక భూమి లాగే దిశలో మార్పు ఉండదు. అంటే ఆటగాడికి అన్నిటికంటే ముఖ్యమైన కదలిక దగ్గరే ఆ పరికరానికి చూపు ఆనదు! పైగా చేయి వేగంగా ఊగేటప్పుడు పుట్టే బలాల మధ్య గురుత్వాన్ని విడదీసి చూడటం ఇంకా కష్టం.

ఈ లోటు తీర్చడానికి వచ్చిందే మోషన్‌ప్లస్, రిమోట్ అడుగున తగిలించే చిన్న డబ్బీ. లోపల జైరోస్కోప్‌లుంటాయి. కంపిస్తూ ఉండే అతిచిన్న భాగాలు, చేయి తిరిగినప్పుడు కోరియాలిస్ బలం వల్ల ఒక పక్కకు ఒరుగుతాయి. ఆ ఒరుగుడును కొలిస్తే ఎంత వేగంగా తిరిగిందో తెలుస్తుంది. అయితే వేగాలను కూడుకుంటూ పోయేకొద్దీ చిన్న పొరపాట్లు కూడా పోగవుతాయి. ఇక్కడ గోల్ఫ్ స్వభావమే కలిసొచ్చింది. టెన్నిస్‌లో బంతి మనకోసం ఆగదు. గోల్ఫ్‌లో ఆగుతుంది. ప్రతి దెబ్బా నిశ్చలంగా నిలబడిన క్షణం నుంచి మొదలై, ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. పొరపాటు పెరగడానికి వ్యవధే తక్కువ.

మోషన్‌ప్లస్‌ను ‘టైగర్ ఉడ్స్ పీజీఏ టూర్ 10’ ఎలా వాడుకుందో, కొట్టే ముందు తెర మీది క్లబ్ మన చేతిని అనుసరించే తీరులో చూడండి. మణికట్టు కాస్త లోపలికి తిప్పితే క్లబ్ ముఖం మూసుకుంటుంది, బయటికి తిప్పితే తెరుచుకుంటుంది. చేతిలో ఉన్నది చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి క్లబ్ బరువు లేదు, బంతి తగిలిన అసలైన అదురూ రాదు. చేతికి అందనిదాన్ని ఇలా కంటికి అందించారు.

నా దృష్టిలో ఈ ఆటకు శిఖరం పటింగ్, అంటే బంతిని మెల్లగా హోల్‌లోకి దొర్లించడం. దూరాన్నిబట్టి పటర్‌ను ఎంచుకునే పాత పద్ధతి తీసేశారు. ఇక మిగిలింది మన చేయి ఎంత మెల్లగా, ఎంత దూరం ఊగిందన్నదే. అసలు ఆటలో హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. దాని దాకా బంతిని చేర్చాలంటే క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ను తాకించి వదిలినంత సుతారం కావాలి. వేగమైన కదలికను కొలవడం సులువు. నెమ్మదైన కదలికలో ఆటగాడి ఉద్దేశమేదో, చేతి వణుకేదో విడదీయడం కష్టం. అది చేసి చూపించారు. బంతిని దూరం పంపే పెద్ద డ్రైవ్‌లు ఇంత నమ్మకం కలిగించవు. క్లబ్ బరువు లేని లోటు అక్కడ తెలుస్తూనే ఉంటుంది. వీ కోసం ప్రత్యేకంగా చేర్చిన, బంతికి బదులు డిస్క్ విసిరే డిస్క్ గోల్ఫ్ సరదాగా ఉంటుంది, అంతే.

వీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక ఇప్పుడు పాత వస్తువుల్లోనే వెతుక్కోవాలి. కొనేటప్పుడు మోషన్‌ప్లస్ ఉందో లేదో తప్పక అడగండి. అది లేకపోయినా ఆట నడుస్తుంది, కానీ ఇక్కడ మెచ్చుకున్న పనితనంలో చాలా భాగం మీకు కనిపించదు.