వాద్యబృందమున స్వార్థత్యాగము

పెక్కు వాద్యములు గూడి పలుకుచో నొక్కొక్క వాదకుని మనోధర్మము నశించునని విద్వాంసులలో నొక యాక్షేపణ కలదు. 1952లో రవిశంకరుఁడు, టి. కె. జయరామయ్యరు నాయకులుగా నారంభమైన ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందమును బిమ్మట ద్రాక్షారామమున 1922లో జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు నడపిరి. కావున నీ చర్చ గోదావరీతీరవాసులకుఁ బరాయిది కాదు.

వైయాకరణు లీ ప్రశ్నను వేఱొక చోట విచారించియే యున్నారు. సమాసమునఁ బదములు స్వార్థమును విడుచునా, విడువవా? మహాభాష్యకారుఁడు వడ్రంగిని దృష్టాంతముగాఁ జూపెను. రాజకార్యమున నియుక్తుఁడైన వడ్రంగి తన కొయ్యపని మానును. ఎక్కిళ్ళను, నవ్వును, గోఁకికొనుటను మాత్రము మానఁడు. పరార్థమునకు విరుద్ధమైన స్వార్థమే విడువఁబడునని తాత్పర్యము.

దీనికి అమెరికాదేశపు జాజ్ బృందములలో డ్యూక్ ఎల్లింగ్టనుది చక్కని లక్ష్యము. ఇంచుమించు పదునైదుగురు వాదకులు. శాక్సఫోనులు, ట్రంపెట్లు, ట్రాంబోనులు పంక్తులు దీరి యుండును. లయకుఁ బియానో, బాసు, డ్రమ్ములు. ఎల్లింగ్టను వాద్యమునకుఁ గాక వాదకునకు వ్రాసెను. కూటీ విలియమ్స్ ట్రంపెటు మనుష్యకంఠము వలె గుఱ్ఱుమనును. జానీ హాడ్జెస్ శాక్సఫోను స్వరమునుండి స్వరమునకు జాఱుతీరు మన జారుగమకమును దలఁపించును. ఇవియే వడ్రంగి నవ్వులు. 1963లో నీ బృందము భారతదేశమునకు వచ్చెను. ఢిల్లీ గోరువంక కూఁత యొకటి వారి రచనలోఁ జేరి, 1967లో వెలువడిన రికార్డున జిమ్మీ హామిల్టను క్లారినెట్టుపైఁ బలికినది. పిట్టకు సైతము స్వార్థహాని కలుగలేదు!

మన బృందములకుఁ గల చిక్కు వేఱు. శాస్త్రిగారి వైణికతకుఁ బ్రాణము గమకము: ఒక్క మీటు మీటి, నాదము సన్నగిలుచుండఁగనే యెడమచేతితోఁ దంత్రిని లాగి స్వరపరంపరను బలికింతురు. ఈ సూక్ష్మము నలువు రొక్కటే వరుసను వాయించునప్పుడు నిలుచుట కష్టము. వీణలో మెట్టుపైఁ దంత్రిని లాగవలెను; సరోదున మెట్లే లేవు, వ్రేలు జాఱును; వేణువున రంధ్రమును సగము మూయవలెను. మువ్వు రొక్క గాంధారమునే యుద్దేశించినను మూఁడు గాంధారములు వినవచ్చును. ఆ దోషము వాపుటకై గమకమునే తొలఁగించిన బృందరచనలు పెక్కు. అవి బడిపిల్లల వల్లెవేఁతకు దీటు. అచ్చట జరిగినది జహత్స్వార్థవృత్తియే, ఆక్షేపకులదే గెలుపు.

ఒక్కరు పలుకునెడఁ దక్కినవారు శ్రుతినో లయనో పట్టి నిలిచిన రచనలలో నట్లు గాదు. వినువాఁడు మీటు తరువాతి నాదమును గడదాఁక వెంబడింపఁగలఁడు. పెండ్లిపందిటి సన్నాయిమేళమున నొత్తు పట్టువాఁడు చేయునదియు నిదియే.