వెట్‌కాట్ ఇంటికి వెళ్ళినవాళ్ళు

దక్షిణాఫ్రికాకు వాయవ్యంలో, బోట్స్వానా, నమీబియా సరిహద్దులు వచ్చి కలిసే మూల కలహారి ఎడారి ఉంది. ఉపింగ్టన్ అనే పట్నం నుంచి ఉత్తరానికి సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు వెళ్తే జాతీయ పార్కు గేటు వస్తుంది. ఆ దారి పక్కన బుష్‌మన్ కుటుంబాలు చిన్న చిన్న పందిళ్ళు వేసుకుని తాము చేసిన దండలు, విల్లంబులు, చెక్కిన ఎముకలు అమ్ముతుంటాయి. టూరిస్టుల కార్లు ఆగుతాయి, ఫొటోలు తీస్తారు, వెళ్ళిపోతారు. ఆ ప్రాంతపు ఎర్ర ఇసుక దిబ్బల మధ్య బ్లింక్‌వాటర్ అనే చోట వెట్‌కాట్ రెగోప్‌స్టాన్ క్రైపర్ అనే చిత్రకారుడు తన భార్య బెలిండాతో ఉండేవాడు. 1969లో పుట్టి 2007లో, నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. బ్లింక్‌వాటర్ అంటే ఆఫ్రికాన్స్ భాషలో మెరిసే నీళ్ళు అని అర్థం. ఎడారిలో ఆ పేరు.

నేను అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. రచయితలు, ప్రొఫెసర్లు, సినిమా వాళ్ళు, బొమ్మలు కొనేవాళ్ళు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు. వాళ్ళు రాసింది చదివాను, తీసింది చూశాను. ఈ వ్యాసం వెట్‌కాట్ బొమ్మల గురించి ఎంతో, ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళ చూపు గురించి కూడా అంతే. ఎందుకంటే మన గూడేలకు కూడా అలాంటి కార్లే వస్తాయి.

ముందు పేర్ల సంగతి. బుష్‌మన్ అన్నది యూరపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు పెట్టిన పేరు, పొదల్లో తిరిగే మనిషి అని. దానికి బదులు పుస్తకాల్లో వాడే సాన్ అన్న పేరు కూడా వాళ్ళు పెట్టుకున్నది కాదు, పొరుగున ఉండే పశువుల కాపరులు పిలిచింది. వెట్‌కాట్ వాళ్ళ సమూహం పేరు ఖోమాని. ఆ పేరు ముందు నాలుకతో చేసే ఒక చప్పుడు ఉంటుంది, దానికి మన లిపిలో అక్షరం లేదు. ఇంత చరిత్ర ఉన్నా వెట్‌కాట్ తన పేరులోనే బుష్‌మన్ అన్న మాట చేర్చుకున్నాడు. తిట్టుగా వచ్చిన మాటను తీసుకుని తలెత్తి పెట్టుకున్నాడు. రెగోప్‌స్టాన్ అంటే నిటారుగా నిలబడటం అని అర్థం, అది ఆ కుటుంబపు పెద్దాయన పేరు. గిరిజనులు, ఏజెన్సీ వాళ్ళు, కొండోళ్ళు, ఆదివాసీలు అని ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలవగా విన్న మనకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక చూపు సంగతి. ఈ కుటుంబాలను జనానికి చూపించడం వెట్‌కాట్ కాలంలో మొదలైంది కాదు. 1931లో అక్కడ జాతీయ పార్కు పెట్టారు. వేటాడి బతికిన నేలలోనే వేట నేరమైంది, తర్వాత తర్వాత మనుషులే బయటికి పోవాల్సి వచ్చింది. 1936లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కు డొనాల్డ్ బెయిన్ అనే ఆయన ఈ ఎడారి కుటుంబాలను తీసుకుపోయి జనం ముందు నిలబెట్టాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, వీళ్ళకు కొంత భూమి ఇప్పించాలనే ఆ పని చేశాడు. కానీ భూమి అడగడానికి కూడా ముందు ప్రదర్శనలో నిలబడాల్సి వచ్చింది. 1990ల మొదట్లో క్రైపర్ కుటుంబాలు కేప్ కొండల్లోని కాగ్గా కమ్మా అనే ప్రైవేటు టూరిస్టు స్థలంలో ఉన్నాయి. ఆ కొండల రాళ్ళ మీద పాతకాలపు బొమ్మలున్నాయి. టూరిస్టులకు ఒకే టికెట్టు మీద రెండూ దొరికాయి, రాతి మీద బొమ్మలూ, పక్కనే తోలు కట్టుకున్న మనుషులూ. చూసినవాళ్ళు ఆ రెంటినీ కలిపేసుకున్నారు. కానీ ఆ మనుషులు ఆ కొండల వాళ్ళు కారు, ఇసుక దేశం నుంచి వచ్చినవాళ్ళు.

సినిమా చేసిన పని ఇంకా పెద్దది. 1980లో వచ్చిన ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’ని మనలో చాలామంది టీవీలో చూసి నవ్వుకున్నాం. ఆకాశం నుంచి కోకాకోలా సీసా పడుతుంది, అది ఏమిటో తెలియని అమాయకులు తికమక పడతారు. అందులో నటించిన నికావ్ నమీబియా మనిషి. అదే 1980లో జాన్ మార్షల్ ‘నయ్’ అనే ఒక బుష్‌మన్ స్త్రీ జీవితం మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో నమీబియాలోని చుమ్‌క్వే అనే చోట మనుషులు ప్రభుత్వం ఇచ్చే మొక్కజొన్న పిండి మీద బతుకుతూ, జబ్బులతో, పోట్లాటలతో, సైన్యంలో చేరే కుర్రాళ్ళతో కనిపిస్తారు. ఆ డాక్యుమెంటరీలోనే ఆ కామెడీ సినిమా షూటింగు కూడా కనిపిస్తుంది. ఒకే నేల, ఒకే సమయం. ఒక కెమెరా సీసా తెలియని మనుషుల్ని చూపించింది, ఇంకో కెమెరా ఆ కెమెరాను కూడా చూపించింది. లోకం మొత్తం చూసింది మొదటిదాన్ని.

ఇంత చూపు మోసిన సమూహంలోంచి వచ్చిన మనిషి వెట్‌కాట్. ఆయన కాగితం మీద గీశాడు. సన్నని గీతలు. మనుషులు, జంతువులు, పక్షులు, మొక్కలు ఒకదానిలోంచి ఒకటి మొలిచినట్టు ఉంటాయి. ఒక గీత ఎక్కడ మనిషిని వదిలి జంతువును పట్టుకుందో వేలు పెట్టి చూపించలేం. ఆ బొమ్మల్ని చూసిన బయటివాళ్ళు సాధారణంగా అనే మాట, ఇది వేల ఏళ్ళ రాతి చిత్రాల వారసత్వం అని. పొగడ్త లాగే ఉంటుంది. కానీ ఒక్కసారి నేలను చూడండి. ఇసుక దిబ్బల దేశంలో బొమ్మ వేయడానికి రాయి ఎక్కడుంది? పేరున్న రాతి చిత్రాలు ఉన్న డ్రాకెన్స్‌బర్గ్ కొండలు అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. వెట్‌కాట్ చేతిలో ఉన్నది తన కాలపు కాగితం, కలం. ఆ గీత ఆయనే సాధన చేసి పట్టుకున్నది. దాన్ని తాతముత్తాతల ఖాతాలో వేసేస్తే ఆయన కష్టం కనిపించకుండా పోతుంది. కొండ మీద గీసిన ఆ పాత మనిషికి పేరు మిగల్లేదు, ఏం చేయలేం. కళ్ళ ముందు బతికిన మనిషి పేరును కూడా అందులో కలిపేయడం మాత్రం మన తప్పు.

పెద్దల జ్ఞాపకం ఆ బొమ్మల్లో లేదని నా మాటకు అర్థం కాదు. ఉంది. కానీ జ్ఞాపకం దానంతటది గీత అవదు. ఒక మనిషి కూర్చుని గీయాలి.

ఆ ఇంటి గురించి వచ్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది 2004లో వచ్చిన ‘కలహారి రెయిన్‌సాంగ్’. దాని మీద ఇద్దరి పేర్లున్నాయి. ఒకరు బెలిండా క్రైపర్, ఇంకొకరు బయటి నుంచి వచ్చిన రచయిత్రి ఎలానా బ్రెగిన్. బెలిండా కూడా పుట్టుకతో ఆ ఎడారి మనిషి కాదు. కేప్‌టౌన్ వైపు నుంచి వచ్చి, పార్కులో ఉద్యోగం చేసి, వెట్‌కాట్‌ను పెళ్ళాడి దిబ్బల్లో కాపురం పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళకూ, చూడబడేవాళ్ళకూ మధ్య నిలబడిన కోడలు ఆమె. అందుకే ఈ పుస్తకంలో సాధారణ యాత్రా కథనాల్లో దొరకని నిజం దొరుకుతుంది. ఇంటి లోపలి కష్టం, వచ్చిపోయే సంస్థల మీద, కెమెరాల మీద కోపం ఇందులో ఉన్నాయి. పుస్తకం మీద రెండు పేర్లు వేయడం కూడా మంచి పనే. చెప్పినవాళ్ళ పేరు లోపలి పేజీలో కృతజ్ఞతల కింద పెట్టి, రాసినవాళ్ళ పేరు అట్ట మీద వేసుకునే అలవాటు మనకు తెలుసు.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. వెట్‌కాట్ మనకు ఎక్కువగా భార్య మాటల్లో, అతిథుల మాటల్లో అందుతాడు. ఆయన ఇంట్లో మాట ఆఫ్రికాన్స్, పుస్తకం ఇంగ్లీషు, చదివే నేను తెలుగు. ఇన్ని వాకిళ్ళు దాటి వచ్చేసరికి ఆయన మౌనంగా ఉండే రుషిలా మారిపోతాడు. ఆయన పోయాక వచ్చిన ఇంకో పుస్తకం పేరు ‘మోయ్ లూప్’, అందంగా నడువు అని. దాని ఉపశీర్షికలో ఆయన కళను పవిత్ర కళ అన్నారు. గౌరవంతోనే అన్నారు, కాదనను. కానీ పవిత్రం అన్నాక ఎవరూ ప్రశ్న వేయరు. ఈ బొమ్మ ఆ బొమ్మ కంటే ఎందుకు బాగుంది, ఇక్కడ గీత ఎందుకు తడబడింది, ఆయన పని ఏడాదికేడాది ఎలా మారింది అని అడగం. పట్నం చిత్రకారుడికి విమర్శ, మన చిత్రకారుడికి దండం. ఈ తేడా నాకు నచ్చదు. మన పనిలో లోపం చెప్పగలిగినవాడే దాన్ని పనిగా చూసినవాడు.

వెళ్ళినవాళ్ళలో డర్బన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కేయన్ తొమసెల్లి తీరు వేరు. ఆయన ఏళ్ళ తరబడి విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కలహారికి వెళ్ళాడు. 2005లో వచ్చిన ఆయన పుస్తకంలో ఎడారి మనుషులతో పాటు పరిశోధకులు కూడా పాత్రలే. వాళ్ళ కార్లు, డబ్బు, ఎవరికి ఏం ఇవ్వాలన్న ఇబ్బంది, మీరు మా దగ్గర తీసుకుపోయి మాకేం ఇచ్చారని ఎదురైన ప్రశ్న, అన్నీ అందులో చర్చకు వస్తాయి. అతిథి తనను కూడా బొమ్మలో గీసుకోవడం నిజాయితీ. అయితే దానికీ ఒక ప్రమాదం ఉంది. అతిథి తన ఇబ్బంది గురించే రాస్తూ పోతే ఇంటివాళ్ళు మళ్ళీ పక్కకు జరిగిపోతారు.

ఆ ఇంటి చుట్టూ ఉన్న సమాజాన్ని కూడా చూడాలి. 1999 మార్చి 21న ఖోమాని వాళ్ళ భూమి కేసు ఒప్పందమైంది. పార్కు బయట ఆరు ఫారాలు, దాదాపు 40,000 హెక్టార్లు వాళ్ళకు వచ్చాయి. 2002లో పార్కు లోపల ఇంకో 25,000 హెక్టార్ల మీద హక్కు వచ్చింది. పట్టా రాగానే బతుకు మారలేదు. నీళ్ళు, పెట్టుబడి, ఎవరు పెత్తనం చేయాలన్న తగాదాలు, తాగుడు అలాగే ఉన్నాయి. వాళ్ళ పాత భాష నూ అంతరించిపోయిందని పండితులు తేల్చేశారు. 1990ల చివర్లో ఎల్సీ వాల్‌బోయ్ అనే ముసలామె ఆ భాష మాట్లాడుతూ కనిపించింది, తర్వాత ఇంకొందరు బయటపడ్డారు. కత్రీనా ఎసా అనే పెద్దావిడ ఉపింగ్టన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి ఆ భాష నేర్పింది. 2000లో దక్షిణాఫ్రికా తన రాజముద్ర మీద రాతి చిత్రంలోని మనుషుల్ని వేసుకుంది. దాని మీది నినాదం కూడా బుష్‌మన్ భాషల్లో ఒకదానిదే, ఇప్పుడు మాట్లాడే మనిషి లేని భాష. బొమ్మకు రాజముద్ర మీద చోటు దొరికింది. బొమ్మ గీసే మనిషికి ఇంకా మంచినీళ్ళు కావాలి.

ఇప్పుడు నా సంగతి. నేను ఆశ్రమ పాఠశాల టీచర్ని. కొన్నేళ్ళ కిందట బొమ్మల పోటీకి మా ఏడో తరగతి సవర పిల్ల ఒకతె బొమ్మ గీసింది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే తీరులోనే మనుషులు, చెట్లు. పైన మూలన సెల్ టవర్. కింద వాగు ఇవతల ఆగిపోయిన 108 బండి. చూసిన పెద్దమనిషి అన్నాడు: “చాలా బాగుందమ్మా. కానీ ఇది ట్రైబల్ ఆర్ట్ కాదు. టవరూ, బండీ తీసేస్తే బహుమతి వచ్చేది.” పిల్ల నా వైపు చూసి మెల్లగా అడిగింది: “అవి మా ఊళ్ళోనే ఉన్నాయి కదా సార్?”

ఆ పెద్దమనిషి మీద కోపం వచ్చింది. ఇంటికొచ్చాక నా తప్పు గుర్తొచ్చింది. ఆ బొమ్మ కింద చీటీ రాసి అంటించింది నేనే. ‘సవర సంప్రదాయ చిత్రం’ అని రాశాను. పిల్ల పేరు రాయలేదు. కాగ్గా కమ్మాలో టికెట్టు చించినవాడు చేసిన పనికీ నా పనికీ తేడా వెతుక్కున్నాను. పెద్దగా దొరకలేదు.

2017లో దక్షిణాఫ్రికా సాన్ సమూహాలు తమ దగ్గరికి వచ్చే పరిశోధకుల కోసం ఒక నియమావళి రాసుకున్నాయి. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి ప్రకారం అనుమతి తీసుకోవడం అనేవి అందులో ప్రధానం. రావద్దని అనలేదు. వచ్చే తీరు ఇదీ అన్నారు. మన ఊళ్ళలో కూడా ఆ పని చేసుకోవచ్చు. దానికి పెద్ద సంస్థ అక్కర్లేదు, గ్రామసభ చాలు. వచ్చినాయన పేరేమిటి, తీసిన ఫొటో ఎక్కడికి పోతుంది, బొమ్మ కింద ఎవరి పేరు ఉంటుంది, పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ మన బడికి వస్తుందా అని అడగొచ్చు. అడిగితే చుట్టం చిన్నబుచ్చుకుంటాడని మన పెద్దలు మొహమాటపడ్డారు. చదువుకున్న పిల్లలు ఆ మొహమాటం మోయనక్కర్లేదు.

తోటి టీచర్లకు ఒక మాట. మనం కూడా పిల్లల ఇళ్ళకు వెళ్ళే అతిథులమే, మన కులపోళ్ళ ఊరైనా సరే. గోడ మీది బొమ్మ చూసి ఇది ఏ తెగదని అడిగేముందు ఎవరు వేశారమ్మా అని అడుగుదాం. ఆ పేరు చీటీ మీద రాద్దాం. తర్వాత బొమ్మ గురించి మాట్లాడదాం, బాగున్న చోట బాగుందని, బాగాలేని చోట లేదని.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ బొమ్మ మా స్టాఫ్ రూములో ఉంది. చీటీ మార్చాను.