సంఖ్య వెనక మనిషి: ఫ్రాన్సు ఇంజన్ షెడ్ల యాత్రా రచనలు – ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రైలు అభిమానుల యాత్రా రచనల లక్షణాలను వివరించగలుగుతారు.
• యాత్రా రచనలో సంఖ్యలకు ఉండే విలువను, పరిమితిని గుర్తించగలుగుతారు.
• కళ్ళతో చూసిన యంత్రం సాహిత్యంగా మారే తీరును జోలా నవల ఆధారంగా చర్చించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక పనిస్థలం గురించి ఈ కొలమానాలతో రాయగలుగుతారు.

1. పరిచయం

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజున సూళ్ళూరుపేట స్టేషన్‌లో దిగేవారిని మీలో కొందరు చూసే ఉంటారు. పిల్లల చేయి పట్టుకొని వచ్చే తల్లిదండ్రులు, భుజాన కెమెరాలు వేసుకున్న యువకులు, రాకెట్ బరువూ ఎత్తూ గడగడా అప్పజెప్పే బడిపిల్లలు కనిపిస్తారు. వారికి ఆ యంత్రంతో ఉద్యోగ సంబంధం ఏమీ లేదు. ఇష్టం ఒక్కటే వారిని అంతదూరం రప్పిస్తుంది.

ఐరోపాలో రైలింజన్ల మీద ఇలాంటి ఇష్టం పెంచుకున్నవారు చాలామంది ఉన్నారు. వారు జట్లుగా బయలుదేరి, ముందుగా అనుమతులు తీసుకొని, ఫ్రాన్సులోని ఇంజన్ షెడ్లను ఒకదాని తరువాత ఒకటి చూసి వస్తారు. తిరిగి వచ్చాక ఆ యాత్ర గురించి రాస్తారు. సాహిత్య విమర్శకులు ఈ రచనలను సాధారణంగా పట్టించుకోరు. ఇంజన్ నంబర్ల పట్టికలో సాహిత్యం ఏముందని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం, పూర్తిగా ఒప్పుకోనూ లేం. ఈ రచనల బలం ఏమిటి, అవి ఎక్కడ ఆగిపోతున్నాయి, ఆగకుండా ముందుకు వెళ్ళిన రచన ఎలా ఉంటుంది అన్న మూడు విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. ఈ రచనల స్వరూపం

ఇంజన్ షెడ్ల యాత్రా రచనకు ఒక స్థిరమైన నడక ఉంది. ఏ రోజు ఏ ఊరు చేరారు, ఏ షెడ్డులోకి వెళ్ళారు, లోపల ఏ ఇంజన్లు నిలబడి ఉన్నాయి, వాటి నంబర్లేమిటి, ఏది పని చేస్తోంది, ఏది పక్కన పెట్టేశారు అన్న వరుసలో రచన సాగుతుంది.

ఉదాహరణకు ఆల్ప్స్ పర్వతాల అంచున ఉన్న షాంబెరీ పట్టణాన్ని తీసుకుందాం. అక్కడ 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కట్టిన గుండ్రటి ఇంజన్ షెడ్డు ఉంది. దాని వ్యాసం 108 మీటర్లు. మధ్యలో తిరిగే వంతెన, దాని చుట్టూ బండిచక్రపు ఆకుల్లా 36 పట్టాల దారులు ఉంటాయి. పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న లోంగ్‌విల్‌లో మరో గుండ్రటి షెడ్డును స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడుతున్నారు. పాత ఆవిరి ఇంజన్లను వారే తుడిచి, విప్పి, బిగించి నిలబెడుతున్నారు. జర్మనీ సరిహద్దుకు దగ్గరలోని ముల్హౌస్‌లో జాతీయ రైలు మ్యూజియం ఉంది. యాత్రికులు ఇలాంటి చోట్లు ఏవీ వదలరు.

ఈ రచనల మొదటి గుణం కచ్చితత్వం. చూడనిది రాయరు. రెండో గుణం వినయం. రచయిత తన అనుభూతులను ముందుకు తోయడు, వస్తువును ముందుంచుతాడు. మన యాత్రా రచనల్లో కొన్ని ఊరి పేరు ఒక్కసారి చెప్పి, ఆ తరువాత పేజీల కొద్దీ రచయిత మనసునే వర్ణిస్తాయి. వాటితో పోలిస్తే ఈ పట్టికలు నిజాయితీగా ఉంటాయి.

మూడో గుణం మరింత ముఖ్యమైనది. అభిమానికి నంబరు ఒక భాష. ఫ్రెంచివారు ఆవిరి ఇంజన్‌ను ఇరుసుల లెక్కతో పిలుస్తారు. '231' అంటే ముందు రెండు ఇరుసులు, మధ్యలో బండిని నడిపే మూడు ఇరుసులు, వెనక ఒకటి. స్విస్ మూలాలున్న స్వరకర్త ఓనెగేర్ 1923లో రాసిన వాద్యరచన పేరు 'పసిఫిక్ 231'. విద్యుత్ ఇంజన్ల విషయంలో 'బీబీ' అంటే రెండిరుసుల చక్రాల బండ్లు రెండు, 'సీసీ' అంటే మూడిరుసులవి రెండు. మన ఇంజన్ల మీద కనిపించే 'డబ్ల్యూఏజీ' కూడా ఇలాంటిదే. మొదటి అక్షరం బ్రాడ్‌గేజ్‌ను, రెండోది ఏసీ విద్యుత్తును, మూడోది గూడ్సు పనిని సూచిస్తాయి. చదవడం వచ్చినవారికి ఆ మూడక్షరాలే ఒక వాక్యం. కాబట్టి నంబర్లు రాయడం దానికదే లోపం కాదు.

3. సంఖ్య దగ్గర ఆగిపోతే

లోపం ఎక్కడ మొదలవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ముల్హౌస్ మ్యూజియంలో 'బీబీ 9004' అనే విద్యుత్ ఇంజన్ ఉంది. 1955 మార్చి 28, 29 తేదీల్లో బోర్డో నగరానికి దక్షిణాన, లాండ్ ప్రాంతంలోని తిన్నటి మార్గం మీద రెండు ఇంజన్లు ప్రపంచ వేగపు రికార్డు కోసం పరుగెత్తాయి. ఒకటి ఇది, రెండోది 'సీసీ 7107'. రెండూ గంటకు 331 కిలోమీటర్లు అందుకున్నాయని ప్రకటించారు. ఇంజన్‌ను చూసిన ప్రతి అభిమానీ ఆ సంఖ్యను రాసుకుంటాడు.

కానీ ఆ సంఖ్య వెనక మరో కథ ఉంది. సీసీ 7107 నిజంగా అందుకున్నది 326 అని తరువాత తెలిసింది. బీబీ 9004 పరుగు ముగిశాక దాని కిందున్న పట్టాలు పాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. ఆ దృశ్యం ఫోటో చాలాకాలం బయటికి రాలేదు. పట్టాలు మరికాస్త జరిగి ఉంటే ఇంజన్‌లో ఉన్నవారి గతి ఏమిటి? మర్నాడు ఆ పట్టాలను సరిచేసిన గ్యాంగ్ కూలీలు ఎవరు? 331 అని రాసి కలం మూసేసిన రచనలో ఈ ప్రశ్నలకు చోటు లేదు. సంఖ్య నిజమే అయినా, అక్కడే ఆగినందువల్ల అది నిజాన్ని కప్పే మూతగా మారింది.

ఇంకో ఉదాహరణ. ఫ్రాన్సు స్టేషన్లలోనూ షెడ్లలోనూ గోడలకు రాతిఫలకాలు కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలను ఎదిరించి ప్రాణాలు కోల్పోయిన రైల్వే కార్మికుల పేర్లు వాటి మీద ఉంటాయి. అదే కాలంలో అదే రైల్వే బండ్లు సుమారు 76,000 మంది యూదులను మృత్యుశిబిరాల దారి పట్టించాయి. 2011లో ఆ సంస్థ అధ్యక్షుడు బహిరంగంగా విచారం తెలిపాడు. ఒకే షెడ్డులో త్యాగమూ నేరమూ పక్కపక్కనే ఉన్నాయి. 1940ల నాటి ఇంజన్ ముందు నిలబడి దాని బాయిలరు ఒత్తిడి మాత్రమే రాసుకున్న యాత్రికుడు సగమే చూశాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "మేం సాహిత్యం రాస్తున్నామని చెప్పామా? రేపు ఆ ఇంజన్‌ను తుక్కు కింద అమ్మేస్తే దాని ఆనవాలు మా పట్టికలోనే మిగులుతుంది కదా?" అని అభిమానులు అడగవచ్చు. పట్టిక వరకు వారి మాట న్యాయమే. కానీ ప్రయాణం అని పేరు పెట్టి, 'నేను వెళ్ళాను, చూశాను' అని పాఠకుణ్ణి వెంట తీసుకువెళ్ళిన రచనను యాత్రా రచనగానే తూచాలి.

4. సంఖ్య నుంచి మనిషికి: జోలా

ఇంజన్ల ప్రపంచాన్ని చూడటానికి వెళ్ళిన ఒక రచయిత అక్కడ ఆగలేదు. ఆయన ఎమీల్ జోలా. 1889 ఏప్రిల్‌లో ఆయన పారిస్ నుంచి మాంత్ వరకు ఇంజన్ మీద, డ్రైవరు పక్కన నిలబడి ప్రయాణం చేశాడు. పనివారి వేళలు, జీతాలు, ఇంజన్ భాగాల పేర్లు నోటు పుస్తకాల్లోకి ఎక్కించాడు. అంటే అభిమాని చేసే పనే చేశాడు. 1890లో వచ్చిన 'లా బెత్ ఉమేన్' నవల ఆ పరిశీలన నుంచి పుట్టింది.

నవలలో జాక్ లాంతియే ఇంజన్ డ్రైవరు. అతని ఇంజన్ పేరు లిజోన్. అది మంచి ఇంజన్, పొదుపుగా నడుస్తుంది. ఒక్కటే లోపం: నూనె ఎక్కువ తాగుతుంది. ఇది సాంకేతిక వివరం. కానీ ఇంధనం ఆదా చేసిన డ్రైవరుకూ ఫైర్‌మన్‌కూ బహుమతి డబ్బు దక్కేది. కాబట్టి ఆ నూనె లెక్కలో వారి సంపాదన ఉంది, ఓర్పు ఉంది, ఆ లోపాన్ని కూడా ప్రేమించిన మనిషి ఉన్నాడు. ఒక అంకె నుంచి మూడు మెట్లలో మనిషి దగ్గరికి చేరాం. జోలా పద్ధతి ఇదే.

రైలుగేటు దగ్గర కాపురమున్న ఫాజీ పాత్రను కూడా గమనించండి. రోజూ ఆమె గుమ్మం ముందు నుంచి వేలమంది దూసుకుపోతారు. ఆమె ఎవరో, ఆమెకు ఏం జరుగుతోందో వారిలో ఒక్కరికీ తెలియదు. భర్త ఆమెకు మెల్లమెల్లగా విషం పెడుతున్నాడు. రైలు గురించి రాసిన నవలలో రైలు చూడని మనిషికి అంత చోటివ్వడం జోలా గొప్పతనం.

లోపాలూ ఉన్నాయి. లాంతియేలోని హత్యాప్రవృత్తి పూర్వీకుల రక్తం నుంచి దిగిందన్న సిద్ధాంతం కథ మీద బయటి నుంచి పెట్టిన బరువులా ఉంటుంది. పాత్ర తనంతట తాను కదలాల్సిన చోట సిద్ధాంతం దాన్ని తోస్తుంది. అయితే ముగింపు ఆ లోపాన్ని మరిపిస్తుంది. డ్రైవరూ ఫైర్‌మనూ పెనుగులాడుకొని కింద పడిపోతారు. పాటలు పాడుతున్న సైనికులతో, నడిపేవాడు లేని రైలు 1870 యుద్ధం వైపు చీకట్లోకి పరుగెడుతుంది. యంత్రమే చరిత్రకు గుర్తుగా మారింది.

1938లో జాన్ రెన్వార్ ఈ నవలను సినిమాగా తీశాడు. మొదటి నిమిషాల్లో సంభాషణ లేదు. ఇంజన్ హోరులో డ్రైవరు, ఫైర్‌మన్ సైగలతోనే పని చేసుకుంటారు. నవలలోని ముగింపును రెన్వార్ మార్చాడు. లాంతియే దూకేస్తాడు, ఫైర్‌మన్ బండి ఆపుతాడు. నవల చరిత్రను చూపితే, సినిమా పక్కన పనిచేసిన మనిషి చేతిని చూపింది. రెండింటిలో ఏది బలమైనదో మీరే తేల్చుకోండి.

5. మన వైపు

ఇదంతా మనకెందుకు? షాంబెరీకి దగ్గరలోనే ఎక్స్-లె-బెన్ అనే ఊరుంది. జర్మనీలో అంతకుముందు జరిగిన ప్రయోగాలను అధ్యయనం చేసిన ఫ్రెంచి ఇంజనీర్లు, ఆ ఊరి నుంచి వెళ్ళే మార్గం మీద 1950ల ఆరంభంలో 50 సైకిళ్ళ ఏసీ విద్యుత్తుతో రైళ్ళు నడిపి చూశారు. భారతీయ రైల్వే 1957లో 25,000 వోల్టుల ఆ పద్ధతినే ఎంచుకుంది. గూడూరు నుంచి సూళ్ళూరుపేట మీదుగా చెన్నై వెళ్ళే రైలు ఆ తీగ కిందే నడుస్తోంది. జోలా ప్రయాణించిన మార్గంలోనే, మాంత్ దాటాక వెర్నోన్ పట్టణం వస్తుంది. 1970లలో మన ఇంజనీర్లు ఫ్రెంచి 'వైకింగ్' రాకెట్ ఇంజన్ పని నేర్చుకున్నది అక్కడే. దాని నుంచి రూపొందిన 'వికాస్' ఇంజనే నేడు పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఉంది.

ఇంత దగ్గరి సంబంధం ఉన్నా, శ్రీహరికోట గురించి మన రచనల్లో ఎక్కువ భాగం రాకెట్ ఎత్తు, బరువు, ప్రయోగాల సంఖ్య దగ్గరే ఆగుతాయి. 1971లో మొదటి రాకెట్ ఎగరకముందు ఆ దీవి అడవి నుంచి వంటచెరకు బకింగ్‌హాం కాలువ పడవల్లో మద్రాసు చేరేది. తేనె తీసి, కట్టెలు కొట్టి బతికిన యానాదులు అక్కడ ఉండేవారు. కేంద్రం కోసం దీవి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వారి మాటల్లో రాసిన శ్రీహరికోట కోసం మీరు గ్రంథాలయంలో వెతికి చూడండి.

మనకు దారి చూపినవారు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి, నెల్లూరు మీదుగా తిరిగి వచ్చాడు. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలే లేదు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' మజిలీల దూరాలు, ఊళ్ళు, దొరికే వస్తువులు లెక్కగా చెబుతుంది. ఆ లెక్కలతో పాటే అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో కూడా చెబుతుంది. అందుకే అది నేటికీ చదవదగిన పుస్తకం.

6. సారాంశం

ఇంజన్ షెడ్ల యాత్రా రచనలకు కచ్చితత్వం, వినయం, వస్తువు మీద ప్రేమ ఉన్నాయి. ఇవి యాత్రా రచనకు పునాదులు. సంఖ్యను మజిలీగా కాక గమ్యంగా తీసుకోవడం వాటి లోపం. మంచి రచన అంకెను వదిలిపెట్టదు, దాని చేయి పట్టుకొని మనిషి దగ్గరికి వెళుతుంది.

7. మాదిరి ప్రశ్నలు

అ) 331 అనే సంఖ్య ఉదాహరణతో యాత్రా రచనలో వివరాల పరిమితిని చర్చించండి.
ఆ) లిజోన్ నూనె ఖర్చు అనే వివరం నవలలో నిర్వహించిన పాత్ర ఏమిటి?
ఇ) జోలా నవల ముగింపును రెన్వార్ సినిమా ముగింపుతో పోల్చండి.

అభ్యాసం: మీ ఊరి స్టేషన్, రైసుమిల్లు, రేవు లేదా బస్సు డిపో ఒకదానికి వెళ్ళండి. అక్కడ కనిపించిన పది అంకెలు రాసుకోండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకొని, అది ఎవరి పని వల్ల నిలబడిందో అడిగి తెలుసుకొని రెండు పేజీలు రాయండి. వారి పేరు వాడుకోవడానికి ముందుగా వారి అనుమతి తీసుకోండి.