ప్రశ్నార్థకాలైన పుస్తకాలు

మా ఊరి తెలుగువాళ్లు చందాలేసుకుని నిలబెట్టుకున్న గ్రంథాలయానికి ఈమధ్య ఇంటర్నెట్టు జాబితా తయారైంది. పేజీ శీర్షికలూ, బొత్తాలూ చక్కని తెలుగు. తీరా పుస్తకాల పట్టీ తెరిస్తే పేరున్న చోటా, రచయిత ఉన్న చోటా వరసగా ప్రశ్నార్థకాలు! పక్క అరలోని తమిళ, కన్నడ పుస్తకాలదీ అదే గతి. ఇంగ్లీషు పుస్తకాలు, ధరలు మాత్రం క్షేమం.

"మీ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదండీ" అన్నారు తయారుచేసినవారు. నా అభ్యంతరం ఈ మాట మీదనే. నేను కామర్సు చదివినవాణ్ని. అయినా లెక్క ఎక్కడ తప్పిందో వెతకడం నా ఉద్యోగం. ఫాంటు లేకపోతే కనిపించేవి ఖాళీ డబ్బాలు. యూనికోడును లాటిన్ అనుకుని చదివితే, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇలా పిచ్చిరాత వస్తుంది. అది తరచు సరిదిద్దుకోదగినదే. ప్రశ్నార్థకాలే భద్రమైపోతే మాత్రం అసలు అక్షరం పోయినట్టే. బ్యాంకు మాటల్లో మొదటిది పాసుపుస్తకంలో అచ్చు పడకపోవడం, రెండోది వేరే ఖాతాలో జమ కావడం, మూడోది సొమ్మే పోవడం.

పేజీ యూనికోడులో ఉంటే చాలదు. డేటాబేసులోని పట్టీ, ఆ రెంటి మధ్య నడిచే సంబంధం కూడా యూనికోడులో ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0కు ముందు, మనం ప్రత్యేకంగా కోరకపోతే లాటిన్ పట్టీనే ఇచ్చేది. తర్వాత కొత్త వెర్షను వేసుకున్నంత మాత్రాన పాత పట్టీలు వాటంతట అవి మారవు.

నిడివి సంగతి మరొకటి. 'రాజ్యలక్ష్మి' మన లెక్కకు నాలుగక్షరాలు. యూనికోడుకు, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా కలిపి, 12 సంకేతాలు. యుటిఎఫ్-8లో ఒక్కొక్కటికి మూడేసి బైట్లు, మొత్తం 36. ఇంగ్లీషులో 12 బైట్లతో సరిపోయే పేరిది. గడి 30 బైట్లదైతే కొన్ని ప్రోగ్రాములు ఎక్కించుకోవు. కొన్ని చెప్పాపెట్టకుండా 'మి'ని కోసేసి 'రాజ్యలక్ష్' అని ఊరుకుంటాయి. ఆవిడ పుస్తకాలిచ్చిన దాత అయితే ఏమని సమాధానం చెబుతాం?

ఇదంతా కంప్యూటరు వాళ్ల గొడవ అని నేనూ ఊరుకునేవాణ్నే. కాని జాబితాలో పేరు దొరకని పుస్తకాలను పెట్టెల్లో కట్టేసి చోటు ఖాళీ చేద్దామని కమిటీలో ఒక మాట వచ్చింది. తాతల నాడు మూటల్లో మోసుకొచ్చిన పుస్తకాలవి. కొన్నింటికి రెండో ప్రతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చేతిరాత అట్టల జాబితా ఎవరూ పారేయలేదు కనుక గట్టెక్కాం. దాన్ని చూసి మళ్లీ ఎక్కిస్తున్నారు. ఈసారి ముందుగా పది పేర్లు, అందులో రాజ్యలక్ష్మి ఒకటి, ఎక్కించి, యంత్రం ఆపి, మర్నాడు వేరే కంప్యూటర్లో తీసి చూపించమన్నాను. అంతవరకు బిల్లు మీద సంతకం పెట్టొద్దని కోశాధికారికి చెప్పి వచ్చాను.