రివెట్టు కొట్టే చేతులు

విమానం అనగానే కంపెనీ పేరే గుర్తొస్తుంది, ఫిట్టరు పేరు ఎవరికీ పట్టదు. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజన్ తయారుచేసింది వాళ్ల సైకిల్ దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్. సుమారు ఆరు వారాల్లో చేసిపెట్టాడు. అతనికి దక్కిన పేరు ఏపాటిది!

మన దగ్గరా అలాంటి పనివాళ్లున్నారు. 2025 మే 30న తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానం మధ్యభాగాన్ని హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కు అప్పగించింది. హైదరాబాద్ చుట్టుపక్కల రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టర్బైన్లు, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాలు తయారవుతాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు ఇనుము పనికి ఆరితేరిన చేతులకు కొదవేం లేదు. కానీ విమానం పని వేరు.

రివెట్టు కొట్టడం చూడాలి. బయట ఒకరు గన్ను పట్టుకుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి ఉంటారు. ఒకరి మొహం ఒకరికి కనపడదు, చప్పుడును బట్టే గ్రహించాలి. రివెట్టు తల రేకుతో సమంగా దిగిందో లేదో వేలితో తడిమి, ఆపైన గేజీ పెట్టి చూస్తారు. తేడా వస్తే డ్రిల్లుతో తీసేసి మళ్లీ మొదలు. షిఫ్టు దిగేముందు పనిముట్ల లెక్క. ఒక్క డ్రిల్ బిట్ తక్కువైనా పని ఆపి వెతకాల్సిందే. నట్టు పోతే జేబులోంచి ఇంకోటి తీసి బిగించే మన షెడ్డు అలవాటు అక్కడ చెల్లదు.