ఒరగేసి చూడాలి

పడవల ప్రదర్శనలో పడవలు కదలవు. చిక్కంతా అక్కడే ఉంది.

మేరీల్యాండ్ రాజధాని అనాపొలిస్‌లో ఏటా అక్టోబరులో తెరచాప పడవల ప్రదర్శన పెడతారు. 1970లో మొదలైంది. షెడ్డుల్లో కాకుండా నీళ్ల మీదే కట్టి చూపించడం దీని ప్రత్యేకత. ఊరి నడిబొడ్డున సిటీ డాక్ అనే చిన్న రేవులో తేలే వంతెనలు పరిచి, వాటికి అటూ ఇటూ పడవల్ని వరసగా కట్టేస్తారు. పోటు ఎక్కువైతే పక్క వీధుల్లోకి నీళ్లొచ్చే ఊరది. ఏ పడవ ఎక్కాలన్నా బూట్లు విప్పాల్సిందే. గుడి ముందు లాగే, తిరిగొచ్చేసరికి మన జత ఉంటుందో ఉండదోనన్న బెంగతోనే లోపలికి వెళ్తాం.

లోపల మాత్రం ఇల్లే. సోఫాలు, పెద్ద ఫ్రిజ్, నడి గదిలో మూడు వైపులా తిరగడానికి చోటున్న డబుల్ కాట్ మంచం. చూసినవాళ్లంతా ముందు ఆ మంచం మీద కూర్చుంటారు. అమ్మేవాళ్లూ ముందు దాన్నే చూపిస్తారు.

నేను తెరచాప తాడు పట్టింది హుస్సేన్‌సాగర్‌లో, ఒక్క మనిషి నడిపే లేజర్ పడవ మీద. గాలి పెరిగితే అది ఒరిగిపోతుంది, మనం రెండో వైపు బయటికి వేలాడి నిలబెట్టుకోవాలి. బోల్తా పడకూడదన్న పట్టుదల కోచ్ చెప్పినదానికంటే ఆ చెరువు వాసన వల్లే ఎక్కువ వచ్చింది. ఇప్పుడు చీసాపీక్ అఖాతంలో ఓ కాకినాడ మిత్రుడూ నేనూ కలిసి కొనుక్కున్న పాత పడవ నడుపుతున్నాం. అదీ ఒరుగుతుంది. గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్లేటప్పుడు పదిహేను, ఇరవై డిగ్రీలు పక్కకి వాలి గంటల తరబడి అలాగే ప్రయాణం. అన్నం వండుకోవడం, నిద్రపోవడం, వాంతి చేసుకోవడం, అన్నీ ఆ వాలులోనే.

అందుకని ప్రదర్శనలో ఏ పడవ ఎక్కినా దాన్ని మనసులో ఇరవై డిగ్రీలు ఒరగేసి చూస్తాను. అలా చూస్తే ఆ డబుల్ కాట్ మంచం మీద ఎవరూ పడుకోలేరు, దొర్లి కింద పడతారు. సముద్రంలో నిద్ర పట్టేది రైలు బెర్త్ అంత ఇరుకు పరుపు మీద, పక్కన గుడ్డ అడ్డం కట్టుకుని. నాలుగు మీటర్ల వెడల్పున్న హాల్లో పట్టుకోవడానికి కమ్మీ లేకపోతే ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా విసిరేసినట్టు పడతాం, ఆ దారిలో బల్ల మూల ఉంటుంది. వంటింటి సింకు పడవ మధ్య గీతకు దగ్గరగా ఉంటే ఎటు ఒరిగినా నీళ్లు పోతాయి. పక్క గోడకు ఆనుకుని ఉంటే సముద్రమే సింకులోకి వస్తుంది. పొయ్యిని మాత్రం ఈనాటికీ ఊయల లాగా వేలాడదీస్తున్నారు, అంతవరకు సంతోషం.

తయారుచేసేవాళ్లకి ఇవి తెలియవని కాదు. పడవ కొన్నవాళ్లలో చాలామంది దాన్ని రేవులోనో, లంగరు వేసిన చోటో వాడతారు. రెండు డొప్పల కాటమరాన్లకు అంత గిరాకీ ఉన్నదీ అవి దాదాపు ఒరగవనే. జనం పడవల్ని నిజంగా ఎలా వాడుకుంటారో ఈ ప్రదర్శన దాచకుండా చెబుతోంది. నాకు నచ్చకపోవడం వేరే సంగతి.

ఒక పడవలో కింది చెక్క ఎత్తి చూపించమన్నాను. నేల కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువేమో, పడవ చూపిస్తున్న కుర్రాడు చెక్కను లేపే కొక్కెం కోసం కాసేపు వెతికాడు. అడుగున సముద్రపు నీరు లోపలికి తెచ్చుకునే కన్నాలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో కవాటం. ఆ కవాటం కంచుదైతే నిశ్చింత. నాసి ఇత్తడిదైతే ఉప్పునీరు అందులోని జింకును తినేస్తుంది, గులాబీ రంగు గుల్ల మిగులుతుంది, ఓ రోజు మీట తిప్పగానే చేతికి ఊడి వస్తుంది. అందుకే పాత నావికులు ప్రతి కవాటం పక్కనా ఓ కొయ్య బిరడాను దారంతో కట్టి ఉంచుతారు. చుక్కాని చక్రం పాడైతే వాడే అత్యవసర కర్ర ఎక్కడ బిగిస్తారని కూడా అడిగాను. "వెనక గదిలో, పరుపు తీసి" అన్నాడు.

నాతో వచ్చిన కాకినాడ మిత్రుడు నా చెవిలో, "ఒరే, తుఫానులో ముందు దుప్పటి మడతపెట్టాలట్రా" అన్నాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ 2017, 18లో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద భూమి చుట్టి వచ్చినప్పుడు, చివరి అంకంలో వాళ్లను మారిషస్‌లో ఆపింది చుక్కాని యంత్రాంగమే. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. తారిణి 55 అడుగులది, గోవాలో కట్టింది. అంతకు ముందు 1968, 69లో రాబిన్ నాక్స్‌జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన సుహైలీ మరీ చిన్నది, 32 అడుగులే. బొంబాయిలో టేకుతో కట్టారు. అట్లాంటిక్‌లో అది నీరు కారుతుంటే ఆయనే పడవ కిందికి మునిగి పలకల మధ్య సందులు పూడ్చాడు. ఈ ప్రదర్శనలో 32 అడుగుల పడవ పక్కన జనం పెద్దగా ఆగరు.

నేను ఎక్కువసేపు నిలబడింది తాళ్ల కొట్టు దగ్గర. ఓ పెద్దాయన డైనీమా అనే కృత్రిమ తాడు కొసకు కన్ను, అంటే ఉచ్చు, వేసి చూపిస్తున్నాడు. ఉక్కుతో సమాన బరువుకి చూస్తే దానికంటే ఎన్నో రెట్లు గట్టిది, పైగా నీళ్ల మీద తేలుతుంది. ముడి వేస్తే మాత్రం బలం సగానికి పడిపోవచ్చు, మీదుమిక్కిలి జారుతుంది. అందుకని ముడి వెయ్యరు. తాడు పన్నెండు పోగుల జడ, లోపల బోలు. దాని కొసను బోలు సూదికి తగిలించి ఆ తాడు కడుపులోకే దూర్చాడు. పాము ఎలుకను మింగినట్టు ఉబ్బు ముందుకు జరిగింది. తాడు మందానికి 72 రెట్లు లోపలికి పోవాలన్నాడు, అంటే 6 మిల్లీమీటర్ల తాడుకు దాదాపు 43 సెంటీమీటర్లు. లోపలి కొసను ఒక్కసారిగా కత్తిరించకుండా కొన్ని పోగులు తీసేసి సన్నబరిచాడు. లాగిన కొద్దీ పై జడ లోపలిదాన్ని ఇంకా బిగించి పట్టుకుంటుంది. ఇటు రా అని నా చేతికిచ్చాడు. నేను దూర్చింది మధ్యలో మెలిపడింది, ఏమీ అనకుండా విప్పి మళ్లీ ఇచ్చాడు. ఆ రేవు మొత్తంలో బరువు మోయడమే పనిగా ఉన్న వస్తువు అదొక్కటే కనిపించింది నాకు. నాలుగు మీటర్లు కొన్నాను.

చివరి రోజు సాయంత్రం అసలు ఆట. అప్పటిదాకా కట్టేసి ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ ఇరుకు రేవులోంచి బయటపడాలి. ఒడ్డంతా జనం, చేతుల్లో బీరు, ఎవరైనా ఎవరినైనా గుద్దుతారా అని ఆశ. పక్కగాలి లేచింది. మేము నేల చెక్క ఎత్తించిన పడవ బయటికొచ్చింది. ఎత్తైన పక్కలకు గాలి తగిలి ముక్కు పక్కకి కొట్టుకుపోతుంటే, ఆ కుర్రాడు ముక్కును తిప్పే మోటారు మీట నొక్కిపట్టి, అది గీపెడుతుంటే, మెడ చాచి వెనక్కీ ముందుకీ చూస్తున్నాడు.

"మంచం చూపించినంత సులువు కాదు పాపం," అన్నాడు మావాడు. పక్కవాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాం. ఎవరినీ గుద్దకుండానే తిప్పుకున్నాడు.