చాలునా, చాలదా?

ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. ప్రవేశములకై తెలుగు రాష్ట్రములు జరుపు ఐసెట్ పరీక్షలో దత్తాంశ పర్యాప్తత క్రింద 2024లో 20 ప్రశ్నలు కలవు. ఇందు జవాబు కనుగొనుట పని కాదు. ఇచ్చిన రెండు వాక్యములలో ఏది ఒంటిగా చాలును, రెండును కలిసిన చాలునా, కలిసినను చాలవా అని తీర్పు చెప్పవలెను. లెక్క చేయుట వేరు, లెక్కకు తగిన సరుకు ఉన్నదా అని చూచుట వేరు. ఈ భేదమును నేర్పు ప్రశ్నలు మంచివే. అభ్యర్థులు వానిని సాధించు తీరే విచారింపదగినది. "నాలుగు సంఖ్యలు వేసి చూడుము" అనునదే పలువురకు ఆధారము.

ఒక ఉదాహరణము. న అనునది ధన పూర్ణసంఖ్య. న² − 1 ని 24 నిశ్శేషముగ భాగించునా? మొదటి వాక్యము: న ప్రధానసంఖ్య. రెండవది: న 3 కంటె పెద్దది.

అభ్యర్థి 5, 7, 11, 13 వేయును. 24, 48, 120, 168 వచ్చును. అన్నియు 24 గుణిజములే! మొదటి వాక్యమే చాలునని గుర్తు పెట్టును. 2, 3 కూడ ప్రధానసంఖ్యలేయని అతనికి తోచదు; వానికి వచ్చునవి 3, 8. రెండవ వాక్యము ఒంటిగా చాలదు: 5 అవుననును, 4 కాదనును.

రెండును కలిసిన చాలును. అప్పుడు న బేసిసంఖ్య. న − 1, న + 1 వరుస సరిసంఖ్యలు. వానిలో ఒకటి 4 గుణిజము గనుక లబ్ధమును 8 భాగించును. న − 1, న, న + 1 లలో ఒకదానిని 3 భాగింపవలెను. అది న కాజాలదు. 8కిని 3కిని 1 తప్ప సామాన్య భాజకము లేదు గనుక 24 భాగించును. సంఖ్యలు అనంతముగ నున్నచోట నాలుగు వేలు వేసి చూచినను ఈ పని జరుగదు. ఒక సంఖ్య అవునని, మరొకటి కాదని పలికిన "చాలదు" అని తేలును. "చాలును" అనుటకు నిరూపణయే కావలెను.

మొదటి పంక్తిని చదువకుండుట మరొక లోపము. 3న సరిసంఖ్యయైన న కూడ సరిసంఖ్యయే, న పూర్ణసంఖ్యయని చెప్పియున్నప్పుడు మాత్రమే. చెప్పనిచో 2/3 కూడ కావచ్చును. ఇక న + 2 బేసియని యిచ్చి, న సరియా అని అడిగినచో, కొందరు "కాదు" వచ్చినదని చాలదందురు! నిశ్చయముగ "కాదు" అనుటయు జవాబే.

పరీక్షకును ఇందు భాగమున్నది. నిరూపించినవానికిని, అదృష్టవశమున 2 వేసి చూచినవానికిని ఒకటే మార్కు. 2024 ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషముల గడువు. అనగా ప్రశ్నకు 45 సెకండ్లు. పై నిరూపణ వ్రాయుటకే అంతకు మించి పట్టును.